వియ్యంకులతో పచ్చిచేప

"నాన్నా, ఆదివారం మధ్యాహ్నం వాళ్ల అమ్మానాన్నలు వస్తారు. అందరం కలిసి సుషీ తిందామనుకుంటున్నాం. నీకేమైనా అభ్యంతరమా?" అని అడిగింది మా అమ్మాయి.

అప్పటికి మేం టోక్యోలో దిగి ఆరు గంటలు కూడా కాలేదు. నిరుడు ఆగస్టు. అభ్యంతరం సుషీ మీద కాదని తనకీ తెలుసు, నాకూ తెలుసు. జపాన్ అబ్బాయిని చేసుకుంటానని తను ఫోన్లో చెప్పిన రోజు నుంచి ఎనిమిది నెలలు నేను సరిగ్గా మాట్లాడలేదు. ఫోను మోగితే వాళ్లమ్మకి ఇచ్చేసి వీధరుగు మీద కూర్చునేవాణ్ని. మాట్లాడిన ఒకే ఒక్కసారి, అనకూడని మాట అన్నాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

"నాకేం అభ్యంతరం? మీ అమ్మ ఏం తింటుందో చూసుకో" అన్నాను.

నిజానికి చిక్కంతా అక్కడే ఉంది. మాది నరసాపురం. నేను ఈతకంటే ముందు చేప తినడం నేర్చుకున్నవాణ్ని. మా ఆవిడా అంతే. కానీ అమ్మాయికి అయిదో ఏట టైఫాయిడ్ తిరగబెట్టి, పాలకొల్లు ఆస్పత్రిలో మూడు వారాలు మంచం మీదుంటే, బిడ్డ లేచి తిరిగితే చేప ముట్టనని చినతిరుపతి వెంకన్నకి మొక్కుకుంది. పిల్ల లేచి తిరిగింది. ఆ తర్వాత పాతికేళ్లుగా మా ఇంట్లో పులుసు పెట్టేది ఆవిడ, ఉప్పు చూసేది నేను. చేపతో పాటు మాంసం, గుడ్డు కూడా మానేసింది.

అలాంటి మనిషిని పెళ్లివారితో మొదటి భేటీకి పచ్చిచేపల కొట్టుకి తీసుకెళ్లాలి! లక్షల జనం ఉన్న ఊరు, అడుగడుక్కీ సుషీ కొట్టు. వాటిలో ఏది? అమ్మాయి మూడు రోజులు సెలవు పెట్టింది. వాళ్లమ్మకి కాళ్లనొప్పులు. "నాన్నా, నువ్వు రా. చేప సంగతి నీకే తెలుసు" అంది. కాదనడానికి కారణం దొరకలేదు.

మొదటిరోజు నిషి కసాయ్‌లో తనుండే అపార్ట్‌మెంటుకి దగ్గర్లోనే ఒక తిరిగే సుషీ హోటలుకి వెళ్లాం. ఈ నిషి కసాయ్‌లో మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. ఇడ్లీ పిండీ, కరివేపాకూ దొరుకుతాయి. హోటల్లో టేబుళ్ల పక్కనుంచి పట్టా ఒకటి పోతూ ఉంటుంది. ఎదురుగా ఉన్న తెర మీద బొమ్మ నొక్కితే రెండు నిమిషాల్లో ప్లేటు జర్రున వచ్చి మన ముందు ఆగుతుంది. 1958లో ఒసాకా దగ్గర షిరాయిషి అనే హోటలాయన, బీరు ఫ్యాక్టరీలో సీసాలు పట్టా మీద వెళ్లడం చూసి ఈ ఆలోచన చేశాడట. ప్లేటుకి రెండు ముక్కలు. చవకవి వంద పైచిలుకు యెన్లు, మన లెక్కలో డెబ్భై రూపాయల దాకా అవుతుంది. దోసకాయ చుట్ట, వేయించిన బంగాళాదుంప ముక్కలు, ఐస్‌క్రీము కూడా ఉన్నాయి. పిల్లలు గోలగోలగా తింటున్నారు. నాకు నచ్చింది. మా ఆవిడకి ఇబ్బంది ఉండదు, జేబుకీ భయం లేదు.

"కానీ నాన్నా, మొదటిసారి వియ్యంకుల్ని కూర్చోబెట్టి తెర మీద నొక్కమంటామా?" అంది. అదీ నిజమే. మన దగ్గరైనా పెళ్లిచూపులకి టోకెను తీసుకునే టిఫిన్ సెంటరుకి పిలవం కదా.

అక్కడే నా జీవితంలో మొదటి పచ్చిచేప తిన్నాను. ట్యూనా. నోట్లో పెట్టుకునేముందు మా అమ్మ గుర్తొచ్చింది. ఉప్పూ పసుపూ వేసి ఏడు నీళ్లు మార్చి కడిగేది, అయినా నీచు పోలేదని గొణిగేది. ఇక్కడ నీచు లేనే లేదు. ట్యూనాని చాలావరకు సముద్రం మీదే మైనస్ 60 డిగ్రీల చలిలో గడ్డకట్టించేస్తారని అమ్మాయి చెప్పింది. గట్టిగా గడ్డకట్టిస్తే చేపలో ఉండే పురుగులు చచ్చిపోతాయి కాబట్టి అదే క్షేమమట. "పచ్చి" అంటే "ఇప్పుడే పట్టింది" అని నేను అనుకున్నది తప్పన్నమాట. కింద అన్నానికి మాత్రం పులుపు, తీపి, ఉప్పు తగులుతున్నాయి. వెనకటికి చేపని అన్నంలో నెలల తరబడి ఊరబెట్టి, పులిసిన ఆ అన్నం పారేసి చేప తినేవారట. బివా సరస్సు దగ్గర ఇప్పటికీ అలా చేస్తారు. అందుకే సుషీలో ముఖ్యం చేప కాదు, పులుపు అంటారు. ఊరగాయల దేశం నుంచి వచ్చినవాడికి ఇదంతా వింతగా ఏమీ అనిపించలేదు.

వసాబీ తిన్నప్పుడైతే ముక్కులోంచి ఘాటు నడినెత్తికి ఎక్కింది. తెలిసిన ఘాటే! కొత్త ఆవకాయ జాడీలో తల దూర్చినట్టుంది. ఆవాల్లో మండేదీ, దీన్లో మండేదీ ఒకటే పదార్థమట.

రెండోరోజు పొద్దున్నే సుకిజీ. 1935 నుంచి అక్కడున్న టోకు చేపల మార్కెట్టుని 2018 అక్టోబరులో తొయోసుకి మార్చేశారు. చుట్టూ ఉన్న చిల్లర కొట్లు మాత్రం అలాగే ఉన్నాయి. కత్తులమ్మేవాళ్లు, ఎండుచేపల వాళ్లు, పుల్లకి గుచ్చిన ఆమ్లెట్టు అమ్మేవాళ్లు, సందు సందుకీ సుషీ. అక్కడ నేను అమ్మాయిని మర్చిపోయాను. అలవాటు చొప్పున వంగి కళ్లు చూశాను. మెరుస్తున్నాయి. మొప్ప ఎత్తబోతే "నాన్నా, ముట్టుకోకూడదు!" అని చెయ్యి లాగింది. చిన్నప్పుడు నరసాపురం మార్కెట్లో తన చెయ్యి నేనిలాగే లాగేవాణ్ని. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వేశాం. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి.

కాని పెద్దవాళ్లని నిలబెట్టే చోటు కాదది. విదేశీ యాత్రికులు కొండచిలువలా వరస కట్టి ఉన్నారు. పదిహేను నిమిషాల్లో తిని లేవాలి. కొట్టేశాం.

గింజా సంగతి నడిచి చూడటంతోనే సరిపెట్టాం. 2014లో ఒబామాని అప్పటి ప్రధాని అబే తీసుకెళ్లిన జిరో కొట్టు అక్కడే ఒక బిల్డింగు నేలమాళిగలో ఉంది. 1925లో పుట్టిన జిరో ఒనో గారి మీద 2011లో సినిమా కూడా వచ్చింది. ఆ తరహా కొట్లలో ఎనిమిదీ పదీ కుర్చీలే ఉంటాయి. మెనూ ఉండదు. మాస్టరు ఏది పెడితే అది తినాలి, దాన్ని 'ఒమకాసే' అంటారు. అత్తరు పూసుకు రాకూడదు, పెట్టిన క్షణంలో నోట్లో వేసుకోవాలి. ఒక్కొక్కరికీ ముప్ఫై వేల యెన్లు దాటడం మామూలేనట. ఆరుగురికి లెక్కేసి నాకు చెమట పట్టింది. డబ్బు సంగతి అటుంచి, అమ్మాయి రెండుచోట్లకి ఫోన్ చేసి "మా అమ్మ చేప తినదు" అంటే, రెండుచోట్లా ఎంతో మర్యాదగా, ఎన్నోసార్లు క్షమాపణ చెప్పి, కుదరదన్నారు. వాళ్లని తప్పుపట్టలేం. చేప తినని మనిషి చేపల కొట్టుకి ఎందుకొస్తుందో వాళ్లకి అర్థం కాదు.

దోసకాయ చుట్ట ఉంది కదా, అంతేనా అనుకుంటారేమో. అంత తేలిక్కాదు. ఈ దేశంలో చేప కనబడకుండా ఉంటుంది. మిసో పులుసులో, ఆమ్లెట్టులో, తీపిగా ఉడికించిన సొరకాయ ఒరుగులో, వేయించిన టోఫు సంచిలో కుక్కిన అన్నంలో కూడా ఎండుచేప కాచిన నీళ్లు పడతాయి. దాన్ని 'దాషీ' అంటారు. వడ్డించేవాళ్లు మాత్రం "ఇందులో చేప లేదండీ" అని నిజాయితీగానే చెబుతారు. ముక్క లేదుగా మరి! అందుకని వంటచేసేవాడితో స్వయంగా మాట్లాడే వీలున్న కొట్టే కావాలని తేల్చుకున్నాం.

మూడోరోజు సాయంత్రం తోజాయ్ లైనులో మొన్‌జెన్ నకాచోలో దిగాం. గుడి ఉన్న పాత పేట. సందులో నీలం గుడ్డ వేలాడుతున్న చిన్న కొట్టు. కౌంటరు ముందు ఏడు కుర్చీలు, వెనక చాపలు పరిచిన ఒక గది. డెబ్భై దాటిన మాస్టరూ, ఆయన భార్యా, అంతే. గోడ మీద చెక్కపలకల మీద చేపల పేర్లు. మామూలు, మంచిది, చాలా మంచిది అని మూడు రకాల భోజనాలు, ధరలు రాసి ఉన్నాయి. ధర రాసి ఉండటం నాకు పెద్ద ఊరట.

అమ్మాయి విషయం చెప్పింది. మాస్టరు తల ఊపి ఏదో అడిగాడు. తను జవాబు చెప్పబోయి ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. మధ్యలో గొంతు వణికింది. మాస్టరు భార్య చేతిలో పని ఆపి వింటోంది.

"ఏమడిగాడమ్మా?"

"ఎందుకు తినరు, ఒంటికి పడదా అని అడిగారు నాన్నా. కాదు, నాకోసం మొక్కుకుందని చెప్పాను."

ఆ ఫోన్లో నేనన్న మాట ఇదే. "నీకోసం మీ అమ్మ ఏం వదులుకుందో తెలుసా? నువ్వు మాకోసం ఆ ఒక్కటీ వదులుకోలేవా?" అన్నాను. మా ఆవిడ ఏనాడూ ఎవరికీ చెప్పుకోని మొక్కుని నేను రాయిలా విసిరాను. తను ఫోన్ పెట్టేసింది. ఇప్పుడదే మాటని ఒక తెలియని ముసలాయన ముందు, భాష కాని భాషలో, ఎంత జాగ్రత్తగా చెప్పిందో! నేను టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

"నీకు ఎప్పుడు తెలుసు?" అన్నాను కాసేపటికి.

"పదేళ్లప్పుడు అమ్మమ్మ చెప్పింది."

"ఆ రోజు నేను అలా అనాల్సింది కాదు."

"తెలుసులే నాన్నా. టీ తాగు, చల్లారిపోతుంది."

మాస్టరు భార్య అమ్మాయికి ఏదో చెబుతోంది. వాళ్లలోనూ మొక్కు ఉందట. కోరిక తీరేదాకా ఇష్టమైనదేదో మానేస్తారు, టీ మానేసేవాళ్లు ఎక్కువ. కొడుకు యుద్ధం నుంచి తిరిగొచ్చేదాకా వాళ్ల నాయనమ్మ టీ ముట్టలేదట. మాస్టరు అన్నదేమిటంటే, ఆదివారం కొట్టు తెరవగానే, చేప మీద చెయ్యి వెయ్యకముందే, కడిగిన బల్ల మీద మా ఆవిడవి చుట్టేస్తానని. దోసకాయ, ముల్లంగి ఊరగాయ, పుల్లటి ఉమె పండు. అన్నంలో బియ్యపు వెనిగరు, పంచదార, ఉప్పు తప్ప ఏమీ లేవని సీసా తెచ్చి చూపించాడు.

కొట్టు కుదిరింది. తోవలో రైల్లో అడిగాను, "పెళ్లయ్యాక నీ ఇంటిపేరు మారుతుందా?" అని. జపాన్ వాళ్లిద్దరు చేసుకుంటే ఇద్దరికీ ఒకటే పేరుండాలట గాని, విదేశీయుల్ని చేసుకుంటే మార్చుకోనక్కర్లేదట. "మార్చను" అంది. నేను ఇంకేమీ అనలేదు. మనసులో మాత్రం కొంచెం ఛాతీ విరుచుకున్నాను, దాచడం దేనికి.

ఆదివారం వియ్యంకుడూ వియ్యపురాలూ మాకంటే ముందే వచ్చి వీధిలో నిలబడి ఉన్నారు. ఆ ఎండలో కోటు! ఒకరికొకరం ఎన్నిసార్లు వంగామో లెక్కలేదు. మా ఆవిడ ఆవకాయ సీసా ఇచ్చింది. చాపల గదిలో కూర్చున్నాక మాస్టరు భార్య నవ్వుతూ ఒక రహస్యం బయటపెట్టింది. ముందురోజు వియ్యపురాలు ఫోన్ చేసిందట, ఇండియా వాళ్లు పచ్చివి తినలేరేమో, ఉడికించిన రొయ్య, పాము చేప ఉన్నాయా అని. పాపం, ఆవిడకీ నిద్ర లేనట్టుంది.

చేత్తో తినొచ్చని మాస్టరు చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సుషీని చేత్తో తినడమే పాత పద్ధతట. మా ఆవిడ దోసకాయ చుట్ట ఒకటి తిని, మా చెవుల్లో "చద్దన్నంలో నిమ్మకాయ పిండినట్టుంది, బాగానే ఉంది" అంది. రెండోదాన్ని వసాబీలో నిండా ముంచింది. కళ్లమ్మట నీళ్లు. వియ్యపురాలు కంగారుగా నీళ్లందించింది. మా ఆవిడ ముక్కు తుడుచుకుని ఆవకాయ సీసా చూపించి, "ఇదీ ఇంతే, జాగ్రత్త" అంది తెలుగులోనే. ఆవిడకి ఎలా అర్థమైందో గాని తల గట్టిగా ఊపింది.

తర్వాత మాస్టరు వెండిలా మెరిసే చిన్న చేపలు తెచ్చాడు. ఒక్కో ముద్ద మీద మూడేసి పిల్లచేపలు. ఉప్పులో, వెనిగరులో ఊరబెట్టినవి. ఎంతసేపు ఊరాలో చేప పరిమాణాన్ని బట్టి, ఆ పూట వాతావరణాన్ని బట్టి చూసుకోవాలట. కొట్టు మంచిదో కాదో ఈ ఒక్క చేపతో తేలిపోతుందని వియ్యంకుడు అన్నాడు, ఆ మధ్యాహ్నం ఆయన పలికిన మొదటి పెద్ద వాక్యం అదే. పిల్లప్పుడు దీన్ని షింకో అంటారు, కాస్త పెరిగితే కొహాదా, తర్వాత నకజుమి, పెద్దదైతే కొనోషిరో. చేప ఒకటే, పేర్లు నాలుగు.

నాకు ఆగలేదు. "మా గోదావరిలోనూ ఉంది. సముద్రంలో ఉన్నంతసేపూ అది విలస. వానాకాలం ఎర్రనీరు రాగానే ఏటికి ఎదురీది వస్తుంది. ధవళేశ్వరం దాకా రాగలదు. గోదావరి నీళ్లు తాగాక అది పులస. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మావాళ్లు" అన్నాను. అమ్మాయి తర్జుమా చేస్తుంటే పుస్తెల దగ్గర ఆగిపోయింది. అబ్బాయి ఏదో మాట అందించాడు. వియ్యంకుడు పెద్దగా నవ్వి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. విలస, పులస. నాచేత రెండుసార్లు పలికించుకున్నాడు.

"ఎప్పుడు దొరుకుతుంది?" అని అడిగాడు.

"ఇప్పుడే. ఆగస్టే" అన్నాను.

ఆయన భార్య వంక చూశాడు. ఆవిడ తల ఊపింది.

వచ్చే పులసల రోజులకి ఇద్దరూ మా ఇంటికి వస్తామన్నారు. పులుసు మా ఆవిడ పెడుతుంది, ఉప్పు నేను చూస్తాను. దాన్లో ఎన్ని ముళ్లుంటాయో మాత్రం ఆయనకి ఇంకా చెప్పలేదు.