మా ఆవిడా, ఎలకలూ, ఓ పీహెచ్‌డీ

మా ఆవిడ న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తోందని చెప్పగానే మన సాఫ్ట్‌వేర్ జనం ఠక్కున అనే మాట, "ఓహో, ఏఐ కదా, మంచి స్కోపుంది". "కాదండీ, ఎలకలు" అంటాను. అక్కడితో మాటలు ఇళ్ళ రేట్ల మీదకి వెళ్ళిపోతాయి :)

మా అత్తగారి ప్రశ్న వేరు. "ఇంకా ఎన్నాళ్ళే ఈ చదువు?" అని. ఇది న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో ఈ పీహెచ్‌డీకి మామూలుగా ఐదారేళ్ళు పడుతుంది. మొదట్లో క్లాసులు, వాటితో పాటే రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున పనిచేసి ఒకటి ఎంచుకోవడం, తర్వాత క్వాలిఫయింగ్ పరీక్ష. ఆపైన తేదీలుండవు. మన ప్రాజెక్టుల్లో డెడ్‌లైన్ దాటితే తిడతారు. అక్కడ దాటడానికి అసలు డెడ్‌లైనే ఉండదు, అది ఇంకా భయంకరం.

తను ఎనిమిదేళ్ళు టెస్టింగులో చేసింది. ముప్ఫై మూడో ఏట హెచ్1బి వదిలేసి ఎఫ్1 మీదకి మారింది. ఫీజు కట్టక్కర్లేదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. అది పాత జీతంలో మూడో వంతు. ఇల్లు కొనే ఆలోచన పక్కన పెట్టాం. పిల్లల సంగతీ ఆ పక్కనే ఉంది. ఆ విషయం అందరూ తననే అడుగుతారు, నన్నొక్కరూ అడగరు. ఇప్పుడు నాలుగో ఏడాది నడుస్తోంది.

ఇంతకీ ఎందుకెళ్ళిందంటే.. 2014లో జాన్ ఓకీఫ్‌కీ, మోసర్ దంపతులకీ కలిపి నోబెల్ ఇచ్చారు కదా, దాని గురించి ఎక్కడో చదివింది. ఎలక మెదడులో హిప్పోకాంపస్ అనే చోట కొన్ని కణాలుంటాయి. ఎలక ఫలానా మూలకి వెళ్ళినప్పుడే ఫలానా కణం టకటకమంటుంది. ఇంకో చోటికి వెళితే ఇంకోటి. ఓకీఫ్ 1971లో బయటపెట్టిన సంగతి ఇది. 2005లో మోసర్ల ల్యాబు ఆ పక్కనే ఇంకో రకం కణాలు కనిపెట్టింది, అవి నేలంతా తేనెపట్టు గళ్ళు పరిచినట్టు ఓ క్రమంలో పలుకుతాయట. "దీంట్లో జీపీఎస్ ఎవరు రాశారు?" అంది మా ఆవిడ. అంతే, ఇక వదల్లేదు.

పెద్ద ప్రశ్న చూసి వెళతారు గానీ రోజూ చేసేది చిన్న పనే. తిండి దొరికే చోటు మార్చేస్తే ఎలక లోపలి మ్యాపు ఎలా మారుతుంది అన్నది తన థీసిస్. దానికి ముందు ఎలక్కి వారాల తరబడి పరుగు నేర్పాలి. ఆపరేషన్ చేసి వెంట్రుక కంటే సన్నటి తీగలు మెదడులోకి దించాలి. వాటిని రోజుకి కాస్త కిందకి జరుపుతూ కణాల చప్పుడు కోసం వినాలి. ఒక్కో తీగకి చుట్టుపక్కల కణాలన్నీ కలిసి వినిపిస్తాయి, వాటిని విడదీయడం మరో గొడవ. ఇంతా చేశాక సిగ్నల్ పోయిందంటే ఆర్నెల్ల పని పోయినట్టే. ఎలకలకి ఆదివారం లేదు, పండగ లేదు. కిందటి సంక్రాంతికి అరిసెలు డబ్బాలో పెట్టుకుని ల్యాబుకే వెళ్ళాం.

మన వాళ్ళకి బాగా నచ్చే పేపరొకటుంది. 2017లో ఎరిక్ జోనస్, కొన్రాడ్ కోర్డింగ్ అనే ఇద్దరు, పాత ఆపిల్, అటారీ మెషీన్ల నాటి 6502 చిప్పుని సిమ్యులేట్ చేసి, న్యూరోసైన్సు పద్ధతులు దాని మీద ప్రయోగించారు. ఒక్కో ట్రాన్సిస్టర్నీ తీసేసి డాంకీ కాంగ్, స్పేస్ ఇన్వేడర్స్ లాంటి ఆటలు నడుస్తాయో లేదో చూశారు. కొన్ని తీసేస్తే డాంకీ కాంగ్ ఒక్కటే ఆగిపోయింది. మరయితే దాన్ని 'డాంకీ కాంగ్ ట్రాన్సిస్టర్' అందామా? ఆ చిప్పు ఎలా పనిచేస్తుందో మనుషులకి పూర్తిగా తెలుసు. అయినా ఈ పద్ధతులు ఆ సంగతి చెప్పలేకపోయాయి.

టెస్టరు కదా, మా ఆవిడకి ఈ పేపరంటే ప్రాణం. నాకు మాత్రం గుండె జారింది. 302 న్యూరాన్లున్న సీ. ఎలిగాన్స్ అనే పురుగు వైరింగ్ మొత్తం 1986లోనే అచ్చయింది, ఆ పురుగు తర్వాత ఏం చేస్తుందో పూర్తిగా చెప్పడం ఇప్పటికీ కుదరట్లేదు. మనిషికి సుమారు 8,600 కోట్లు. జవాబు ఎలా ఉంటుందో కూడా తెలియని ప్రశ్న మీద ఆరేళ్ళా అన్నాను. "స్పెక్ లేని ప్రొడక్టుని ఎనిమిదేళ్ళు టెస్ట్ చేశా, ఇదేం కొత్త?" అంది.

అన్నట్టు, "కోడింగ్ వచ్చు కాబట్టి మాకు సులువే కదా" అనే మిత్రులకి ఒక మాట. నిజమే, కోడు రాసేవాళ్ళని ల్యాబుల్లో కళ్ళకద్దుకుంటారు. పదేళ్ళ నాటి మ్యాట్‌ల్యాబ్ ఫైళ్ళు, 'ఫైనల్_ఫైనల్2' లాంటి పేర్లతో, వెర్షన్ కంట్రోల్ లేకుండా మీ కోసమే ఎదురుచూస్తుంటాయి. అవి బాగుచేస్తూ కూర్చుంటే అందరి పేపర్లలోనూ మీ పేరు నాలుగోదిగా ఉంటుంది, మీ ప్రశ్న మాత్రం ఎక్కడా ఉండదు. మా ఆవిడ రెండో ఏడాది ఈ విషయమ్మీద గైడుతో తగువు పెట్టుకుని తన ఎలకలు తను తెచ్చుకుంది. నా దృష్టిలో తను చేసిన అతి మంచి పని అదే. జీరా టికెట్ల మీద విసుగుతో ఇటు వచ్చేవాళ్ళు మాత్రం రాకపోవడమే మంచిది. ఇక్కడా టికెట్లే, కాకపోతే ఏ ఒక్కటీ క్లోజవదు.

2025లో ప్రభుత్వ పరిశోధన నిధుల గొడవలో ఇక్కడ కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించేశాయి. వీళ్ళ ల్యాబు గ్రాంటు కూడా నెలల తరబడి తేలలేదు. అప్పుడే మా కంపెనీలో లేఆఫ్‌ల పుకార్లు. ఓ రాత్రి మొదటిసారి అడిగాను, "మానేస్తావా?" అని. "అడిగే హక్కు నీకుంది. కానీ ఇవాళ వద్దు, పొద్దున్నే ఎలక్కి ఆపరేషనుంది" అంది. మళ్ళీ నేను అడగలేదు, తనూ ఎత్తలేదు. గ్రాంటు చివరికి వచ్చింది, కాస్త కోత పడి.

కిందటి వారం కమిటీ మీటింగైంది. ఆరు ఎలకల్లో రెండింటి డేటా పనికొచ్చిందట. ఇంకో రెండు కావాలన్నారు. అంటే తక్కువలో తక్కువ ఏడాదిన్నర. అపార్ట్‌మెంట్ లీజు పొడిగించాం.