ఏడు లెక్కపెడితే గోడ

పోటీల్లో ఈదే ఈతలు నాలుగు రకాలు. మూడింట్లో ముందున్న గోడ కనిపిస్తుంది, కనీసం కొలను అడుగున వేసిన నల్లగీతైనా కనిపిస్తుంది. నాలుగోదాంట్లో మనం ఎక్కణ్నుంచి బయల్దేరామో అదొక్కటే కనిపిస్తుంది. అదే బ్యాక్‌స్ట్రోక్. మన మాటల్లో వెల్లకిల ఈత. నలభై నాలుగో ఏట నీళ్లలో దిగిన నేను దాన్నే పట్టుకున్నానని మా ఇంట్లో ఒకటే నవ్వులు. ‘అందరూ ముందుకెళ్తుంటే నువ్వేంటమ్మా రివర్స్ గేర్‌లో?’ అంటాడు మా అబ్బాయి.

మాది కోనసీమ. ఇంటి ముందే కాలువ. మా తమ్ముళ్లు ఎండిన కొబ్బరికాయలు జతగా కట్టి, చంకల కింద పెట్టుకుని ఈత నేర్చుకున్నారు. మరుసటి వేసవికి వాటిని పక్కన పడేసి వంతెన మీంచి దూకడం మొదలెట్టారు. నేను గట్టున కూర్చుని వాళ్ల చొక్కాలకు కాపలా! నన్ను దిగొద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు. పెళ్లయి విశాఖపట్నం వచ్చాక సముద్రంతోనూ అంతే. రామకృష్ణా బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు తింటూ ఇరవై ఏళ్లు గడిపానే కానీ చీలమండ దాటి తడిసింది లేదు. (అక్కడి అలలు మనిషిని లోపలికి లాగేస్తాయి. ఈత వచ్చినవాళ్లు కూడా దిగకపోవడమే మంచిది. అది వేరే సంగతి.)

పిల్లలు పెద్దవాళ్లయ్యాక, ఓ ఈతకొలను గేటు దగ్గర ‘మహిళల బ్యాచ్’ అన్న బోర్డు చూసి చేరాను. మొదటి మూణ్నెల్లూ ఫ్రీస్టైల్‌తోనే కుస్తీ. పిల్లలైతే నీళ్లలో ముఖం పెట్టి బుడగలు వదలడం ఆటగా నేర్చేసుకుంటారు. మన వయసులో ముఖం తడిసేసరికి మెడ బిగుసుకుపోతుంది. పక్కకు తిరిగి గాలి పీల్చుకోవాల్సిన క్షణంలోనే నోటినిండా నీళ్లు! ఒకరోజు మా కోచ్... మా అబ్బాయి కంటే నాలుగేళ్లు పెద్దేమో... ‘అమ్మా, ఒకసారి వెల్లకిలా పడుకోండి’ అని మెడ కింద చెయ్యి పెట్టాడు. ముక్కూ నోరూ రెండూ బయటే ఉన్నాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊపిరి. మూణ్నెల్లుగా నాకు దొరకనిదల్లా అదే. ఆ పూటే తేలాను.

అయితే ఈ ఈత ఊపిరి ఇచ్చి చూపు తీసుకుంటుంది. ఆ సంగతి నెమ్మదిగా తెలిసొచ్చింది.

చూడ్డానికి పడుకుని చేతులు తిప్పడమే కదా అనిపిస్తుంది. అసలు కష్టం నడుముతో. ఎటు పోతున్నామో చూద్దామని తల కాస్త ఎత్తామా, నడుము కిందికి దిగిపోతుంది. కుర్చీలో కూర్చున్నట్టు అయిపోతాం. కుర్చీ ముందుకు కదలదుగా! తల కదలకుండా ఉండాలి, భుజాలు మాత్రం ఇటూ అటూ దొర్లాలి. దీనికో సాధన ఉంది. నుదుటి మీద ప్లాస్టిక్ గ్లాసులో సగం నీళ్లు పోసి పెడతారు. అది పడిపోకుండా ఈదాలి. కళ్లల్లో నీళ్లు పడకుండా పాతిక మీటర్లు వెళ్లడానికి నాకు రెండు నెలలు పట్టింది. చెయ్యి నీళ్లలోంచి లేచేటప్పుడు బొటనవేలు ముందు, దిగేటప్పుడు చిటికెనవేలు ముందు. కాళ్లు తొడల దగ్గర్నుంచి ఆడాలి, మోకాళ్లు నీళ్ల పైకి రాకూడదు. ‘సైకిల్ తొక్కకండమ్మా’ అన్నమాట రోజుకి పదిసార్లైనా వినేదాన్ని. నలభై దాటిన భుజాలు చెవుల పక్కదాకా లేవనని మొరాయిస్తాయి. అందుకే ఇంట్లో గోడకు వీపు ఆనించి చేతులు పైకెత్తడం, తలుపు గడియకు రబ్బరు పట్టీ కట్టి లాగడం. పాలవాడు ఒకటి రెండుసార్లు వింతగా చూశాడు. తర్వాత అలవాటుపడ్డాడు.

మా కొలనుకు పైకప్పు లేదు. కప్పు ఉన్నచోట పైన ఏదో ఒక దూలాన్ని చూసుకుంటూ తిన్నగా వెళ్లొచ్చు. ఆకాశంలో దూలాలుండవు. మబ్బును నమ్ముకుంటే అది కదులుతుంది. ఓసారి నేవీ హెలికాప్టర్ ఒకటి పైనుంచి వెళ్తుంటే మా బ్యాచ్ మొత్తం దాని వెంటే వంకరగా పోయి తాళ్లకు తగులుకుంది! మరి దారి తెలిసేదెలా? పక్కనున్న తాడే దారి చెబుతుంది. పోటీ కొలనుల్లో తాడుకు గుచ్చిన బిళ్లల రంగు చివరి 5 మీటర్లలో మారుతుంది. ఓరకంటికి అది అందుతుంది. అంతకంటే ముఖ్యం జెండాలు. రెండు గోడలకూ 5 మీటర్ల దూరంలో, నీటి మీద 1.8 మీటర్ల ఎత్తున కొలనుకు అడ్డంగా చిన్న జెండాల తోరణం కడతారు. ఏదో పండగ అలంకారమనుకునేదాన్ని. అవి వెల్లకిల ఈతగాళ్ల కోసమే. జెండాలు తలమీదుగా దాటగానే చేతులు లెక్కపెట్టుకోవాలి. ఇన్నో చెయ్యికి గోడ అని ఎవరి లెక్క వాళ్లకుంటుంది.

నా లెక్క ఏడు. వారానికి అయిదు పొద్దుటిపూటలు, కొన్ని వందల సార్లు ఆ అయిదు మీటర్లే ఈదితే తేలిన అంకె అది. మొదట్లో మూడు దగ్గరే చెయ్యి ఆగిపోయేది. తల గోడకు కొట్టుకుంటుందన్న భయం బుద్ధికి కాదు, మెడకు ఉంటుంది. ‘వెనక్కి చూడకండి, లెక్కపెట్టండి’ అనేవాడు కోచ్. కరెంటు పోయిన రాత్రి వరండాలోంచి వంటింట్లోకి పదకొండు అడుగులని లెక్కపెట్టుకుంటూ వెళ్లానంటే, ఈ పిచ్చి ఎంత ముదిరిందో చూడండి.

మూడో ఏడు ‘పోటీకి పేరిచ్చేశానమ్మా’ అన్నాడు. పెద్దవాళ్ల పోటీలను మాస్టర్స్ అంటారు. పాతికేళ్ల నుంచి మొదలు, అయిదేళ్లకో విభాగం, పైన హద్దు లేదు. 45-49లో 50 మీటర్ల వెల్లకిల ఈతకు నా పేరు. సాధన చేసేది 25 మీటర్ల కొలనులో, పోటీ 50 మీటర్ల కొలనులో. అంటే మధ్యలో ఊతానికి గోడ ఉండదు. ఆఖర్న ఒకటే గోడ. దాన్ని వెల్లకిలా ఉండగానే ముట్టుకోవాలి. చూసుకుందామని ముందే బోర్లా తిరిగితే అనర్హులే.

ఇంకో చిక్కు, మొదలుపెట్టడం. మిగతా మూడు ఈతలకూ పైనున్న దిమ్మ మీంచి దూకుతారు. దీనికి నీళ్లలోనే ఉండి, దిమ్మకున్న కమ్మీ పట్టుకుని, పాదాలు గోడకు తన్ని వెనక్కి విసురుకోవాలి. వెల్లకిలా మునుగుతాం కాబట్టి ముక్కులోకి నీళ్లు తిన్నగా వెళ్తాయి. ముక్కుతో ‘ఊఁ...’ అని గాలి వదులుతూ ఉండాలి. నేను రెండు మూడు మీటర్లకే పైకి తేలిపోతాను. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో డేవిడ్ బర్కాఫ్ అనే అమెరికన్ 100 మీటర్ల పోటీలో మొదటి 30 మీటర్లకు పైగా నీటి అడుగునే, డాల్ఫిన్‌లా కాళ్లాడిస్తూ వెళ్లాడు. హీట్స్‌లో 54.51 సెకన్లతో ప్రపంచ రికార్డు. ఫైనల్లో మాత్రం అదే విద్య తెలిసిన జపాన్ కుర్రాడు డైచీ సుజుకీ 55.05తో బంగారు పతకం పట్టుకుపోయాడు. ఇలాగైతే ఇది ఈత ఎలా అవుతుందని ఆ తర్వాత హద్దు పెట్టారు. ఇప్పుడు 15 మీటర్లలోపు తల పైకి రావాలి. నా మట్టుకు నాకు ఆ నియమంతో ఏ ఇబ్బందీ లేదు!

పోటీ రోజు. మాస్టర్స్‌లో చాలాచోట్ల వయసు చూడకుండా, రాసిచ్చిన సమయాన్నిబట్టి హీట్స్ వేస్తారు. నా పక్క లేన్‌లో డెబ్బై రెండేళ్ల పెద్దావిడ. ‘భయపడకు అమ్మాయ్’ అన్నారు టోపీ సర్దుకుంటూ. నన్నెవరైనా అమ్మాయ్ అని ఎన్నాళ్లయిందో! గట్టుమీద జనం. మోకాళ్లదాకా ఉన్న స్విమ్‌సూట్‌లో అంతమంది ముందు నడిచిన ఆ నాలుగడుగులూ నాకు ఈత కంటే పెద్ద పరీక్ష. నీళ్లలోకి దిగాక, వింతగా, సిగ్గంతా పోయింది.

విజిల్. కమ్మీ. బీప్. చెవులు మునిగాక లోకం లేదు, నా ఊపిరి చప్పుడొకటే. మొదటి సగం హాయిగానే గడిచింది. సగం దాటాక భుజాలు బరువెక్కాయి. పెద్దావిడ చెయ్యి ఓరగా కనిపిస్తూ కనిపిస్తూ వెనకబడింది. ఎంతసేపటికీ జెండాలు రావే! కొలను చివర ఇంకా ఉందో లేదో అనిపించింది. తాడు రంగు మారింది. జెండాలు దాటాయి. ఒకటి, రెండు, మూడు... అయిదు దగ్గర మెడ ఎప్పట్లాగే తిరగబోయింది. తిప్పలేదు. ఆరు. ఏడు.

గోడ లేదు.

అలసిన చెయ్యి పొట్టిదవుతుందని, ఒక్కో చెయ్యికి తక్కువ దూరమే వెళ్తామని కోచ్ చెప్పే ఉన్నాడు. అప్పుడది గుర్తుంటేనా! బోర్లా తిరిగితే గోడ ఎక్కడుందో తెలిసిపోతుంది, మూడేళ్ల పనీ పోతుంది. కళ్లు మూసుకుని ఎనిమిదో చెయ్యి చాచాను. వేళ్ల చివర్లకు గరుకుగా పలక తగిలింది.

1 నిమిషం 4 సెకన్లు. నలుగురిలో మూడో స్థానం. మన శ్రీహరి నటరాజ్ 2021లో రోమ్‌లో 100 మీటర్లు 53.77 సెకన్లలో ఈది టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లాడు. నేను సగం దూరం వెళ్లేలోపు ఆయన మొత్తం ఈదేసి తుండుతో తల తుడుచుకుంటుంటాడు! పెద్దావిడకు తన విభాగంలో స్వర్ణం. రహస్యమేంటని అడిగితే, ‘ఏముందమ్మాయ్, నా వయసువాళ్లు ఇంకెవరూ రాకపోవడమే’ అని నవ్వేశారు.

ఈ ఏడాది 100 మీటర్లకు పేరిస్తానంటున్నాడు కోచ్. అంటే మధ్యలో ఒక మలుపు. వెల్లకిలానే గోడ ముట్టుకుని తిరగొచ్చు, నియమాలు ఒప్పుకుంటాయి. కానీ బాగా ఈదేవాళ్లు గోడ దగ్గర బోర్లా తిరిగి, ఒక్కసారి చెయ్యి లాగి, ఆగకుండా పల్టీ కొట్టి గోడను తన్నుతారు. బోర్లా అంటే ముఖం మళ్లీ నీళ్లలో! నేను పల్టీయే నేర్చుకుంటానన్నాను. మొన్న సోమవారం నుంచి కొలను మధ్యలో, గోడకు దూరంగా, ఉత్త పల్టీలు కొడుతున్నాను. పదిలో నాలుగుసార్లు ముక్కులోకి నీళ్లు పోతున్నాయి. మిగిలిన ఆరుసార్లు ఎటు తిరిగి లేస్తున్నానో కోచ్ చెప్పాల్సి వస్తోంది.