చచ్చా పెట్టించిన చుక్కలు

మా చచ్చా మర్హూమ్ రాసిన ఖాందాన్ తజ్కిరా ఒక సీడీలో ఉండిపోయింది. 2003లో రెండొందల కాపీలు అచ్చు వేయించారు. ఇప్పుడు అందరిళ్లలో వెతికితే నాలుగు దొరికాయి, అందులో ఒకటి చెదలు తిన్నది. రంజాన్‌కు ముందు ఫుప్పూ నాకు ఫోన్ చేశారు. "జిద్దాలో పిల్లలున్నరు, చికాగోలో ఉన్నరు. వాళ్ల దగ్గర కితాబ్ లేదు. ఫోన్లో చదువుకునేటట్టు చేసిపెట్టు బేటా. పేపర్లో పనిచేస్తవ్ కదా, నీకు రాదా?"

పేపర్లో పనిచేస్తాను కాబట్టే వచ్చనుకున్నా. ఇన్షా అల్లాహ్ రెండ్రోజుల పని అన్నాను. రంజాన్ పోయి ఈద్ కూడా అయిపోయింది.

కితాబ్‌లో తెలుగు భాగం పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసింది. వెనక ఉర్దూ భాగం ఇన్‌పేజ్‌లో. తెలుగు ఫైలు తెరిచి కాపీ చేసి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు. డీటీపీ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరం ముక్కలై ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కాపురం ఉంటుంది. తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఒక గదిలో, ఒత్తు మరో గదిలో. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లో కంటికి తెలుగే కనిపిస్తుంది. ఫాంట్ లేని చోట మనకు మిగిలేది ఆ కిరాయి గది నంబరే. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకు సొంతంగా 128 స్థానాలున్నాయి. అక్కడ క అంటే ఏ ఫోన్లోనైనా క.

కన్వర్టర్‌లో వేశాను. తొంభై పాళ్లు బాగానే వచ్చింది. కొన్నిచోట్ల మ తోక ఊడి వ అయింది, మర్హూమ్‌లందరూ వర్హూవ్‌లయ్యారు. ఒత్తులు పక్క అక్షరానికి దూకాయి. అవన్నీ దిద్దాను. కానీ మాటల మధ్యలో ఫుల్‌స్టాపులు తగులుతున్నాయి. జ.కాత్. గజ.ల్. నమాజ.్. కన్వర్టర్ కచరా అనుకున్నా. వెనక ఖాళీ లేని చుక్కలన్నీ వెతికి ఒక్క దెబ్బకు తీసేశాను. ఇరవై ఏళ్లు డెస్కులో ఉన్నవాడికి రీప్లేస్ ఆల్ నొక్కడం ఒక నషా.

తర్వాత ప్రూఫ్ చూద్దామని అచ్చు కాపీ తీస్తే, ఆ చుక్కలు కచరా కాదు. జ అక్షరం కింద, సరిగ్గా నడిమధ్యలో, చిన్న చుక్క. చచ్చా డీటీపీ కుర్రాడి పక్కన కూర్చుని, ఫుల్‌స్టాప్ కొట్టించి, దాన్ని వెనక్కి కిందకి జరిపించి పెట్టించారన్నమాట. నూట నలభై పేజీల నిండా. ఖ, గ, ఫల జోలికి పోలేదు. ఒక్క జ కిందే.

ఎందుకో అప్పుడు నాకు తట్టలేదు. ఉర్దూలో జీమ్ ఒకటుంది, జే, జాల్, జ్వాద్, జోయ్ అని వేరే శబ్దానికి నాలుగున్నాయి. ఐదింటికీ తెలుగులో ఒకటే జ. ఉర్దూ మీడియం వాణ్ణి కదా, ఏ మాటలో ఏదో నాకు తెలీదా అనుకుని, మొదటి ఫైలు మళ్లీ తెరవడానికి బద్ధకించాను. కింద చుక్క పెట్టే గుర్తు తెలుగు యూనికోడ్‌లోకి 2021లోనే వచ్చింది. పాత ఫోన్లలో దాని స్థానంలో డబ్బా కనిపిస్తుంది. అందుకని ౙ తీసుకున్నా. జడ, జొన్నల్లో పలికే జకు పాత తెలుగులో ఉన్న అక్షరం ఇది. 2008 నుంచీ యూనికోడ్‌లో ఉంది. మాటల జాబితా రాసుకున్నాను. జకాత్, గజల్, నమాజ్, జలీల్. మళ్లీ రీప్లేస్ ఆల్. జుమేరాత్ రాత్రి ఖాందాన్ గ్రూపులో లింకు పెట్టి పడుకున్నా.

ఫజర్ కాగానే ఫుప్పూ ఫోన్. సలాం కూడా సగంలోనే ఆగింది.

"మా అబ్బాను ఏమని రాసినవ్ రా?"

"ఏమైంది ఫుప్పూ?"

"మొదటి పేజీ చూడు. ౙలీలుల్ ఖద్ర్ అట! చచ్చా చూస్తే ఏమంటుండె?"

చూశాను. జీమ్‌తో జలీల్ అంటే గొప్ప మర్యాద గలవాడు, జలీలుల్ ఖద్ర్ అని బుజుర్గులకు రాస్తాం. జాల్‌తో ౙలీల్ అంటే బేఇజ్జత్ అయినవాడు. నేను దాదాను కితాబ్ మొదటి వాక్యంలోనే బేఇజ్జత్ చేసి జిద్దాకీ చికాగోకీ పంపించాను.

జాబితాలోకి ఆ మాట ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. ఆఖరి బాబ్‌లో దాదా, ఫుప్పూ షాదీకి అప్పు అడగబోయి, నలుగురిలో ౙలీల్ అయి తిరిగొచ్చిన రోజు ఉంది. అక్కడ చచ్చా చుక్క ఉంది. మొదటి పేజీలో లేదు. ఒకే మనిషికి ఒకే కితాబ్‌లో ఆ రెండు మాటలూ రాయాల్సి వచ్చింది చచ్చాకు. ఫుప్పూకు ఆ సంగతి ముందే తెలుసు. "ఆఖర్ల ఉన్నది అట్లనే ఉండనీ, తీయకు" అన్నారు కాసేపాగి.

లింకు తీసేశాను. మొదటి ఫైలు మళ్లీ కన్వర్ట్ చేసి, అచ్చు కాపీ ముందు పెట్టుకుని, ఒక్కో చుక్క దగ్గర ఆగి ఒక్కో ౙ పెట్టాను. మూడు వారాలు పట్టింది.

ఇప్పుడు ఉర్దూ భాగం నడుస్తోంది. ఫోన్లో నస్ఖ్ రాతలో కనిపిస్తే ఫుప్పూ ఇది ఉర్దూ కాదు, అరబ్బీ అంటారు, అందుకని నస్తాలీక్ ఫాంట్‌ను పేజీతోపాటే పంపాలి. మొన్న దాదీ అని వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఎదురుగా పేజీలో దాదీ ఉంది. చూస్తే కన్వర్టర్ ఉర్దూ ఛోటీ యే బదులు అరబ్బీ యే వేసింది. ఫోన్‌కు అవి రెండు వేరే అక్షరాలు. మార్చాలి, కానీ మధ్యలో ఖురాన్ ఆయత్‌లున్నాయి, వాటిలో అరబ్బీ యే అరబ్బీగానే ఉండాలి. రీప్లేస్ ఆల్ నొక్కలేదు. ఒక్కో దాదీని చేత్తో మారుస్తున్నాను. ఇంకా 31 పేజీలున్నాయి.