ఒకే గంట రెండుమారులు

నేను మన పాఠశాలలో చదువుకొను దినములలో గంట కొట్టు బంట్రోతు ఒక్కడే యుండెను. అతనికి జ్వరము వచ్చిన యొకనాడు ఇద్దరు బాలురు, ఒకరి సంగతి యొకరెఱుగక, చెరియొక గడియారమును జూచి గంట కొట్టిరి. మొదటి పాఠము పది నిమిషములకే ముగిసెను. మాకది పండుగ.

ఇరువది యేండ్ల పిమ్మట అట్టి తప్పే నా చేతిమీదుగా జరిగినది. అది పండుగ కాలేదు.

నేనొక సంస్థలో కంప్యూటర్లచే వేళకు పనులు చేయించు నుద్యోగములో నుంటిని. ఇది పాత విద్యయే. 1979 లో వెలువడిన యూనిక్సు ఏడవ కూర్పులో క్రాన్ అను ప్రోగ్రాము కలదు. అది నిమిషమున కొకమారు మేలుకొని, పట్టికను జూచి, వేళయైన పనిని మొదలుపెట్టును. అది నడచు యంత్రము చెడినచో పనియు నిలిచిపోవును. ఆ భయముచేతనే మేము అయిదు యంత్రముల నుంచితిమి. వానిలో నాయకత్వ మెవ్వరిదో అవియే ఓటు వేసికొని తేల్చుకొనును. మూడు ఒప్పుకొన్న చాలును. రెండు చెడినను పని సాగును. లెస్లీ లాంపోర్టు 1998 లో ప్రకటించిన పాక్సాసు, ఒంగారో, ఔస్టర్‌హౌట్ అనువారు 2014 లో ప్రకటించిన రాఫ్టు ఇట్టి యొప్పందమునకు మార్గములు. నాయకుడు గడువులోగా తాను బ్రదికియున్నట్లు కబురంపుచుండవలెను.

ఆ రాత్రి రెండు గంటలకు ఖాతాదారుల నెలవాయిదాలు తీయుచుండగా, నాయక యంత్రము తన జ్ఞాపకస్థలమును శుభ్రపఱచుకొనుచు నడుమ స్తంభించినది. గడువు దాటినది. వేఱొక యంత్రము నాయకత్వము వహించి, పనిని మొదటినుండి యారంభించెను. అంతలో మొదటిది కన్ను విప్పి, తాను నిద్రించిన సంగతియే యెఱుగక, విడిచిన చోటనుండి సాగించెను. ఓట్లలో దోషమేమియు లేదు సుమా! పదవి పోయినదని యెఱుగని నాయకునితోనే వచ్చినది చిక్కు.

ఉదయమున నొక వృద్ధుడు టెలిఫోను చేసెను. మనుమరాలి పరీక్ష రుసుమునకై దాచిన సొమ్ము రెండవ వాయిదాగా పోయినది. రుసుమునకు ఆ సాయంకాలమే తుదిగడువు. “బాబూ, మీ యంత్రములకు లెక్క రాదా?” అనెను. నాకు నోట మాట రాలేదు. మధ్యాహ్నమునకు సొమ్ము తిరిగి యిప్పించితిని. “రేపు మరల తీయరు గదా?” అని యడిగెను. తీయమంటిని గాని, ఆ మాటకు నాయొద్ద ఆధారము లేదు.

ఆ యాధారము కల్పించుటకు మూడు వారములు పట్టినది. క్రొత్తగా వచ్చు నాయకునకు మునుపటివానికంటె పెద్ద సంఖ్య నిచ్చితిమి. చిన్న సంఖ్యతో వచ్చిన యాజ్ఞను పద్దుపుస్తకము త్రోసిపుచ్చును. అదియు చాలదు. స్తంభించుటకు ముందు తీసిన వాయిదాలను క్రొత్త నాయకుడు మరల తీయును గదా! పైగా ఆజ్ఞ పంపి జవాబు రానపుడు, పనియే జరుగలేదో, జవాబు మాత్రమే దారిలో పోయెనో, పంపినవానికి తెలియదు. మరల పంపక తప్పదు. కావున ఒక్కొక్క ఖాతాకు ఒక్కొక్క నెలకు ఒకే గుర్తుసంఖ్య నేర్పఱచి, అదే మరల వచ్చినచో పద్దు వ్రాయక, “జరిగినది” అని మాత్రము బదులు వచ్చునట్లు చేసితిమి.

పిదప నాయక యంత్రమును కావలెననియే పని నడుమ నాపి, కొంతసేపటికి లేపి చూచితిమి. దాని పాత యాజ్ఞలన్నియు తిరిగివచ్చెను. ఒక్క పద్దును రెండుమారులు పడలేదు. మఱునాడు ఆ వృద్ధునకు నేనే టెలిఫోను చేసితిని. “మనుమరాలు చదువుకొనుచున్నది, బాబూ, తరువాత మాటలాడుదము” అని ఆయన మెల్లగా చెప్పి పెట్టివేసెను.