పిల్లి తిప్పిన ఏడిళ్ళు

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. నేను నా పాత లాప్‌టాప్ చేత మూడు నెలల్లో ఏడు లినక్సులు మార్పించాను.

సర్వర్లు చూసే ఉద్యోగం సంపాదించాలని అమీర్‌పేటలో గది తీసుకున్నాను. అద్దె నాన్నగారి పెన్షన్‌లోంచి వచ్చేది. లినక్స్ ఒక్కటే అనుకుని వచ్చాను. తీరా చూస్తే వందలున్నాయి! 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టింది దాని గుండెకాయ మాత్రమేనట. దాని చుట్టూ తలొకరూ తమకు తోచిన సరంజామా అమర్చి, తలొక పేరు పెట్టి పంచుతున్నారు. వీటినే డిస్ట్రిబ్యూషన్లంటారు. గదిలో స్నేహితుడు ఉబుంటు అన్నాడు. పక్కగది వాడు ఆర్చ్ తప్ప తక్కినవన్నీ పిల్లలాటలన్నాడు. ఎవరేమంటే అది ఎక్కించాను.

ఇంతలో ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఒక పెద్దాయన రెడ్ హ్యాట్ సర్వరు ముందు కూర్చోబెట్టి, "వెబ్ పేజీ తెరుచుకోవడం లేదు, చూడు బాబూ" అన్నారు. ఫైలున్నది, అనుమతులున్నవి. అయినా ప్రవేశం లేదంటున్నది! అరగంట తంటాలు పడి, ఎక్కడో విన్న చిట్కా ప్రయోగించి ఎస్ఈలినక్స్‌ను ఆపేశాను. పేజీ తెరుచుకుంది. నేను మీసం మీద చెయ్యి వెయ్యబోతుంటే ఆయన నవ్వి, "చుట్టాన్ని లోపలికి రానివ్వలేదని కాపలావాణ్ణే మాన్పించేశావా?" అన్నారు.

ఉద్యోగం రాలేదు. ఫోనులో నాన్నగారికి అంతా చెప్పుకున్నాను. లినక్స్ సంగతి ఆయనకేం తెలుసు?

"ఏడిళ్ళు మారావు. ఒక్క ఇంట్లోనైనా పంపు చెడితే బాగుచేశావుట్రా?" అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉద్యోగ ప్రకటనలన్నీ ముందేసుకుని లెక్క చూశాను. అడిగినవి ముఖ్యంగా రెండే వంశాలు. ఒకటి 1993లో పుట్టిన డెబియన్, దాని సంతానం ఉబుంటు. అక్కడ సరుకు తెప్పించాలంటే ఆప్ట్ అనాలి. రెండోది రెడ్ హ్యాట్. అక్కడ డీఎన్‌ఎఫ్ అనాలి. పాత పుస్తకాలు చెప్పే సెంటోస్ లినక్స్ 7 గడువు 2024 జూన్‌తో తీరిపోయింది. రెడ్ హ్యాట్ పోలికతోనే ఉండే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ 2021 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి.

ఆల్మా ఎక్కించి, ఆరు నెలలు ఇల్లు మారనని ఒట్టుపెట్టుకున్నాను. చెడగొట్టాను, చెరపకుండా బాగుచేశాను. నా సొంత డైరెక్టరీలోంచి తరలించిన ఫైలు పాత చీటీతోనే వస్తుందనీ, అందుకే కాపలావాడు ఆపాడనీ, రెస్టోర్‌కాన్ అన్న ఒక్క ఆజ్ఞతో సరైన చీటీ అంటుకుంటుందనీ అప్పుడు తెలిసింది. తరువాత ఉబుంటు చూస్తే వారంలో చనువు కుదిరింది. అక్కడి కాపలావాడి పేరు ఆప్‌ఆర్మర్.

మరోచోట ఉద్యోగం దొరికింది. మొదటి జీతం పంపిన రోజున నాన్నగారు ఫోను చేశారు.

"ఇప్పుడు ఏ ఇంట్లో ఉన్నావురా?"

"అదే ఇంట్లో నాన్నగారూ. నిన్ననే పంపు బాగుచేశాను" అన్నాను.