మా యింటి ఆంప్లిఫయరు

మా మామగారు 1986లో కొనితెచ్చిన స్పీకరు పెట్టెలు రెండు నేటికిని మా సావడిలో నున్నవి. వారు గతించిన మరుసటి యేడు వానిని నడపు ఆంప్లిఫయరు గూడ మూగవోయెను. బాగుచేయువాడు విప్పి చూచి, లోపలి విడిభాగము లిప్పుడు దొరకవని చెప్పి మరల మూసి యిచ్చెను. అప్పటినుండి మా అత్తగారు ఘంటసాలవారి భగవద్గీతను ఫోనులోనే వినుచుండిరి. ఏమియు ననలేదు. కాని ప్రతి శుక్రవారమును ఆ మూగపెట్టెల మీది దుమ్మును తామే తుడుచుచుండిరి. అది చూడలేక, ఇంటి ఖర్చులలో మిగిల్చి దాచిన తొమ్మిదివేల రూపాయలును దీనికై వెచ్చింప నిశ్చయించితిమి.

సోదరీమణులారా, మొదట మేము చేసిన తెలివితక్కువ పని చెప్పెదము. రాజమహేంద్రవరపు బజారులో నొక దుకాణమునకు పోయితిమి. నీలిదీపములు మినుకుమినుకుమనుచున్న యంత్ర మొకటి చూపి, "అయిదువేల వాట్లమ్మా" యని దుకాణదారుడు చెప్పెను. అంకె పెద్దది, ధర చిన్నది. మూడువేల అయిదువందలిచ్చి తెచ్చుకొంటిమి. మెల్లగా పాడినంతసేపు బాగుగనే యుండెను; కొంచెము హెచ్చించగానే గొంతు చీరుకొనిపోయెను. అత్తగారు "బాగున్నదమ్మాయీ" యని రెండు శ్లోకములు విని, పూలు కోయవలెనని పెరటిలోనికి లేచిపోయిరి. రాత్రి ఎనిమిది గంటలకు పూలు కోయువా రెవరు?

మా మరిది విద్యుత్తుపని చదివినవాడు. "వదినా, దీపము లెన్నియున్నవో చూచితిరి. అడాప్టరు చూచితిరా?" అని నవ్వెను. దానిమీద 12 వోల్టులు, 3 ఆంపియర్లు అని యున్నది. రెంటిని గుణించినచో 36 వాట్లు. గిద్దెడు పాలు తోడుపెట్టి కడివెడు పెరుగు చిలుకవచ్చునా? ఆ అయిదువేలు పి.యమ్.పి.ఓ. అను లెక్క యట; రెప్పపాటులో చిమ్మగల శక్తి యని పేరేగాని, దానికి కట్టుబాటైన కొలత లేదు. ఎడతెగక ఇయ్యగల శక్తిని తెలుపునది ఆర్.యమ్.యస్. అను అంకె. అమెరికాలో నిట్టి గొప్పల నదుపుచేయుటకు 1974లోనే ప్రభుత్వము నిబంధన చేసెనట. మాకా సంగతి తెలియువరకు మూడువేల అయిదువందలు పట్టెను.

ఇంతకును మనకెన్ని వాట్లు కావలెను? ఇది ఆంప్లిఫయరు నడుగవలసిన ప్రశ్న కాదు, స్పీకరు నడుగవలసినది. మా పెట్టెల వెనుక 8 ఓములు, 88 డెసిబెల్‌లు అని వ్రాసియున్నది. అనగా 1 వాటు శక్తి నిచ్చినచో 1 మీటరు దూరమున 88 డెసిబెల్‌ల ధ్వని వచ్చును. ఇరువురు కూర్చుండి మాటలాడుకొను ధ్వని 60 ప్రాంతమున నుండును. శక్తిని రెట్టింపు చేసినప్పుడెల్ల హెచ్చునది 3 డెసిబెల్‌లు మాత్రమే. 50 వాట్ల దానికిని 100 వాట్ల దానికిని చెవికి తెలియు భేద మింతే. ధరలోని భేదము మాత్రము సంచికి బాగుగ తెలియును. మా చిన్న సావడికి, మృదంగపు దెబ్బ హఠాత్తుగా పడినను, పెట్టె కొకటికి 30 వాట్లు చాలునని తేలెను.

రెండవమారు కొన్నది డి తరగతి యంత్రము. పాత తరగతులవి బరువు, వేడి హెచ్చు. ఇది విద్యుత్తును క్షణమునకు లక్షలమారులు తెరచి మూయుచు, నూటికి తొంబదిపాళ్ల వరకు స్పీకరులకే అందించును. అందుచే పోపులపెట్టె కంటె పెద్దది కాదు. అడాప్టరు 24 వోల్టులు, నాలుగున్నర ఆంపియర్లు. ధర అయిదువేల రెండువందలు. కొనువా రొక సంగతి అడిగి కొనవలెను: కేవల పవర్ ఆంప్లిఫయరులలో ననేకమునకు ధ్వని హెచ్చుతగ్గులు చేయు మర యుండదు, దానికి వేరొక పెట్టె కావలెను. మా దానికి ముందువైపుననే కలదు.

మరిది ఊరలేనందున తీగెలు మేమే బిగించితిమి. పాట స్వచ్ఛముగ వచ్చెను. అత్తగారు కొంతసేపు విని, "గొంతు చక్కగా నున్నది గాని అమ్మాయీ, ఆయన ఎక్కడ కూర్చుండి పాడుచున్నారో తెలియకున్నదే" యనిరి. మాకు గుండె జారెను. ఫోనులో మరిది నడుగగా, తీగెల రంగులు చూడుమనెను. ఒక పెట్టెకు ఎఱ్ఱది నల్లదాని చోట బిగించితిమి! అట్లయినచో ఒక స్పీకరు గాలిని ముందునకు నెట్టునప్పుడు రెండవది వెనుకకు లాగును. గొంతు చెదరిపోవును, మంద్రధ్వని పలుచనగును. తీగెలు మార్చగానే గొంతు రెండు పెట్టెల నడుమకు, సరిగా మామగారి పటము క్రిందికి వచ్చి నిలిచెను. అత్తగారు కడపటి శ్లోకము వరకు కదలలేదు.

మొదటి యంత్రమును మరిది వినాయకచవితి పందిటికి పట్టుకొనిపోయెను. దీపములు మాత్రము బాగుగ వెలిగినవట.