కనుమనాడు నిడదవోలులో

సంక్రాంతికి రెండు రోజుల ముందు మీరెప్పుడైనా నిడదవోలు జంక్షనులో రైలు దిగారా? దిగి వుంటే నేను చెప్పబోయేది మీకు సగం తెలిసినట్టే. విశాఖపట్నం వైపు నుంచి వచ్చేవాళ్ళం రాజమండ్రి దాటి గోదావరి మీదికి రాగానే సామాన్లు సర్దుకోవడం మొదలుపెడతాం. పక్కన, 1997 దాకా రైళ్ళను మోసిన పాత వంతెన పింఛను పుచ్చుకున్న పెద్దమనిషిలా వూరికే నిలబడి వుంటుంది. కొవ్వూరు, చాగల్లు, ఆ తరవాత మా వూరే. బండి ఆగేది కాసేపు. ఆ కాసేపట్లో అరటిగెలలూ, అట్టపెట్టెలూ, చంటిపిల్లలూ, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళూ అందరూ ఒకే గుమ్మంలోంచి దిగాలి. తణుకు, అత్తిలి, భీమవరం వైపు వెళ్ళేవాళ్ళు చాలామంది యిక్కడే బండి మారతారు. అందరి మొహాల్లోనూ పండగ కళే. నాలుగు రోజుల తరవాత అదే ప్లాట్‌ఫారం మీద అవే మొహాలు చూడండి, సగం మంది ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

మా వూరు చిన్నదే గాని పాతది. పూర్వం నిరవద్యపురం అనేవారు. తూర్పు చాళుక్యుల శాఖ ఒకటి యిక్కడ వుండి యేలింది. పదమూడో శతాబ్దంలో కాకతి గణపతిదేవుడు తన కూతురు రుద్రమదేవిని యీ వంశంలోని వీరభద్రుడికిచ్చి పెళ్ళి చేశాడు. సింహాసనం మాత్రం అల్లుడికి కాదు, కూతురికే యిచ్చాడు. పండగకి ఓరుగల్లు వెళ్ళినప్పుడు మా వూరి అల్లుడుగారికి మర్యాదలు యెలా జరిగేవో యే శాసనమూ చెప్పినట్టు లేదు గాని, తండ్రి సొత్తు కూతురికి రావడమన్నది మాకు అప్పుడే తెలిసిన సంగతి. యీ మాట కాస్త గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

గోదావరికి పడమటి గట్టున వున్నాం గనక చాలాకాలం పశ్చిమగోదావరి జిల్లాలో వున్నాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పంచినప్పుడు తూర్పుగోదావరి వాటాకి వచ్చాం. పంపకాలంటే అంతే మరి, దిక్కులు కూడా తారుమారవుతాయి.

వూరికి అందమంతా కాలవది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్ళు విజ్జేశ్వరం దగ్గర కాలవలో పడి యిటు వస్తాయి. సంక్రాంతి నాటికి సార్వా ధాన్యం గడప దాటి లోపలికి వచ్చి వుంటుంది. దాళ్వా నాట్ల కోసం కాలవ గట్లు ఒరుసుకుంటూ పారుతుంది. చేలలో యెక్కడ చూసినా గడ్డిమేట్లు. పొద్దున్నే మంచులో హరిదాసు చిడతల చప్పుడు వినబడుతుంది, మనిషి మాత్రం కనపడడు.

యిక మా యిల్లు. వీధి అరుగూ, వెనక నుయ్యీ వున్న పెంకుటిల్లు. అందులో మా తమ్ముడూ, మరదలూ, అమ్మా వుంటారు. అన్నయ్య హైదరాబాదులో, అక్కయ్య అత్తిలిలో, చెల్లాయి గుంటూరులో, నేను విశాఖలో. పండగకి పిల్లలూ మనవలూ కలిసి యిరవై నాలుగు మందిమి తేలాం. స్నానాలగది ఒక్కటే. యిది చాలు, మిగతాది మీరు వూహించుకోవచ్చు.

నిజం చెప్పాలంటే తగాదా స్నానాలగది దగ్గర కాదు, వంటింట్లో మొదలవుతుంది. మేమంతా అరిసెలు తిని బాగున్నాయో లేదో చెప్పేవాళ్ళం. ఆ బియ్యం నానబోసి, పిండి కొట్టించి, పాకం పట్టి, మూడు డబ్బాలు నింపింది మరదలు ఒక్కతే. "పాకం కాస్త ముదిరింది సుమా" అని మా వదిన ప్రేమగానే అంది. మరదలు యేమీ అనలేదు. ఆ రోజల్లా మంచినీళ్ళ చెంబు కింద పెట్టినా చప్పుడయింది. ఆ రాత్రి తమ్ముడు నాతో, "చిన్నన్నయ్యా, మీకు పండగ మూడు రోజులు. దానికి ముందు పది రోజులూ తరవాత పది రోజులూ" అన్నాడు. నేను ముప్ఫై యేళ్ళుగా ఆ యింటికి పండగకి వస్తున్నాను. యీ లెక్క నాకెప్పుడూ తట్టలేదు.

భోగినాడు తెల్లవారుజామున అసలు సంగతి బయటపడింది. వీధిలో భోగిమంట వేశారు. పిల్లలు పిడకల దండలు వేసి, విరిగిన పీటలూ, చెదలు తిన్న తలుపు చెక్కా తెచ్చి వేశారు. ఆ వూపులో అన్నయ్య మనవడు సావిట్లోంచి నాన్నగారి పడకకుర్చీ యీడ్చుకొచ్చాడు. గుడ్డ చిరిగి, ఒక చెయ్యి వూడి, యెన్నో యేళ్ళుగా మూల పడి వున్న కుర్చీ. "వెయ్యరా, పాతసామాను పోతుంది" అన్నాడు అన్నయ్య.

అక్కయ్య మెట్ల మీదనుంచి పరుగున వచ్చింది. అరవై అయిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పి మనిషి. మంటకి జానెడు దూరంలో కుర్చీని పట్టుకుంది.

"యీ యింట్లో నాది అనేది యేదీ లేదని నాకు తెలుసు అన్నయ్యా. నాన్న కూర్చున్న కుర్చీ అయినా వుండనివ్వు" అంది.

వీధంతా విన్నది. అన్నయ్య మొహం మంట వెలుగులో కూడా నల్లబడింది.

మాట కుర్చీ గురించి కాదని మా అందరికీ తెలుసు. నెల రోజులుగా యిల్లు అమ్మే ప్రస్తావన నడుస్తోంది. నాన్నగారు 1999లో పోయారు. యిల్లు తాతగారి నాటిది, యిప్పటిదాకా పంచుకోలేదు. యిక్కడ మన రాష్ట్రపు చట్టం ఒక చిత్రం చేసింది. పిత్రార్జితంలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా హక్కు యిస్తూ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలన్నారు. దేశమంతటా అలాటి చట్టం రావడానికి 2005 దాకా పట్టింది. అంటే మనం యిరవై యేళ్ళు ముందున్నాం. కాని ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకి మన చట్టం వర్తించదు. అక్కయ్య పెళ్ళి 1981లో, చెల్లాయి పెళ్ళి 1989లో. ఒక తల్లి కడుపున పుట్టి, ఒక వుయ్యాలలో వూగిన యిద్దరిలో ఒకరికి వాటా, ఒకరికి పసుపూ కుంకుమా!

2005 కేంద్ర చట్టంతో ఆ తేడా పోయింది. ఆనాటికి తండ్రి బతికి వున్నా లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదేనని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కాని మా అన్నయ్య బుర్రలో లెక్క 1986 దగ్గరే ఆగిపోయింది. "అమ్మాయిది ముందు పెళ్ళి, దానికి లెక్క లేదు" అని యెవరితోనో ఫోనులో అన్నాడట. ఆ మాట అత్తిలి చేరడానికి రైలు కూడా అక్కర్లేకపోయింది.

సంక్రాంతినాడు తర్పణాలయ్యాయి, భోజనాలయ్యాయి. పులిహోర, బొబ్బట్లు, పాయసం అన్నీ వున్నాయి. పంక్తిలో యిరవై నాలుగు మందిమి కూర్చున్నా విస్తళ్ళ చప్పుడు తప్ప మరోటి వినపడలేదు. భోజనాలు కాగానే మగవాళ్ళలో కొందరు పందేల బరి వైపు నడిచారు. కోడిపందెం చట్టరీత్యా నేరమే. అయినా మా ప్రాంతంలో సంక్రాంతికి అది కొంతమందికి యింటిపోరు నుంచి తప్పించుకునే చోటు. ఆడవాళ్ళకి అలాటి చోటేదీ లేదు, అంట్ల గిన్నెలు తప్ప. చెల్లాయి భర్త వకీలు కాకపోయినా ఫోనులో తీర్పు వెతికి చదవబోయాడు. చెల్లాయి కళ్ళతోనే ఆపింది. బాగా చేసింది. పాయసం తిన్న నోటితో న్యాయస్థానం తీర్పులు చదివితే అవి నిజమే అయినా యెవరి చెవికీ యెక్కవు.

రాత్రి అక్కయ్య పెట్టె సర్దేసింది. "పొద్దున్న మొదటి బండికే" అంది. బావగారు తల వంచుకుని టవలు మడత పెడుతున్నారు. అన్నయ్య గదిలోంచి బయటికి రాలేదు. నేను యేమనాలో తెలియక గుమ్మంలో నిలబడ్డాను.

మంచం మీద పడుకున్న అమ్మ, కళ్ళు తెరవకుండానే, "రేపేమిటే?" అంది.

"కనుమ" అన్నాను నేను.

"కనుమనాడు కాకి కూడా కదలదు. నువ్వు కదుల్తావుటే అమ్మడూ?"

అంతే. వుండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. అక్కయ్య కాసేపు నిలబడి, పెట్టె మంచం కిందికి తోసింది.

యీ సామెతకి రకరకాల అర్థాలు చెబుతారు. కనుమ పశువుల పండగ గనక ఆ రోజు యెడ్లని బండి కట్టకూడదని కొందరంటారు. కనుమనాడు ప్రయాణం కలిసి రాదని కొందరు. నాకు మాత్రం ఆ రాత్రి వేరే అర్థం తోచింది. వుమ్మడి యిళ్ళలో భోగినాడు మాట జారుతుంది. సంక్రాంతినాడు అది ముదురుతుంది. ఆ మర్నాడే బండి యెక్కిస్తే ఆ మాటని గుండెలో పెట్టుకుని యేడాది పాటు మోస్తారు. అందుకని యెవరో అనుభవం వున్న పెద్దావిడ కాకిని అడ్డం పెట్టి వుంటుంది. కోపంలో వున్నవాళ్ళని "కోపం తగ్గించుకో" అంటే తగ్గరు. "యీ రోజు బండి లేదు" అంటే కూర్చుంటారు.

కనుమనాడు పొద్దున్నే అమ్మ సావిట్లో కుర్చీ వేయించుకుని పనులు పంచింది. "యివాళ చిన్నకోడలు పొయ్యి దగ్గరికి రాకూడదు" అన్నది మొదటి వుత్తర్వు. కనుమనాడు మినుము తినాలి గనక రాత్రే పప్పు నానబోసి వుంది. పప్పు పొట్టు కడగడం అన్నయ్యకీ నాకూ పడింది. నూతి గట్టు మీద యిద్దరు ముసలాళ్ళం గోలెంలో చేతులు పెట్టి పొట్టు తీస్తుంటే మనవలు ఫొటోలు తీశారు. గారెలు చెయ్యడం వదినకీ అక్కయ్యకీ. మరదలు వీధి అరుగు మీద కూర్చుని, గంగిరెద్దువాడికి బియ్యం పోసి, పక్కింటావిడతో తీరిగ్గా మాట్లాడింది. పండగపూట ఆవిడ అరుగు మీద కూర్చోవడం నేను చూడడం అదే మొదలు.

మొదటి వాయి గారెలు గట్టిపడ్డాయి. మరదలు ఒకటి కొరికి, "పిండి కాస్త ముదిరింది సుమా" అంది. వదిన ఒక్క క్షణం చూసి, పకపకా నవ్వింది. అక్కయ్య కూడా నవ్వింది, పొగకి కళ్ళు తుడుచుకుంటూ.

సాయంత్రం అన్నయ్య నన్ను కాలవగట్టు వైపు తీసుకెళ్ళాడు. చాలా దూరం మాట్లాడలేదు. తెప్పలా కొట్టుకొస్తున్న గుర్రపుడెక్క చూస్తూ, "అది నాకు చదువు కోసం గొలుసు తీసిచ్చిందిరా. నీకు తెలీదు, నువ్వు చిన్నవాడివి" అన్నాడు. తెలియని మాట నిజమే. నేనేమీ సలహా చెప్పలేదు. చెబితే మళ్ళీ పెద్దరికం అడ్డం వచ్చేది.

యిల్లు సంగతి తేలిందా అని మీరడుగుతారు. తేలలేదు. పండగపూట ఆ మాట యెత్తకూడదని మాత్రం అనుకున్నాం. మాఘమాసంలో అయిదుగురం, పిల్లలూ అల్లుళ్ళూ లేకుండా, కాగితాలు ముందు పెట్టుకుని కూర్చోవాలనుకున్నాం. అమ్ముతామో, తమ్ముడే మిగతావాళ్ళకి డబ్బిచ్చి వుంచుకుంటాడో అప్పటి మాట. వాటాలు మాత్రం అయిదు, అమ్మది కలిపితే ఆరు. యీ లెక్క అన్నయ్యే చెప్పాడు. చెప్పేటప్పుడు అక్కయ్య వైపు చూడలేదు. పై సంక్రాంతికి పిండివంటలు యెవరు యేవి చేసి తేవాలో చెల్లాయి ఒక కాగితం మీద రాసింది. అరిసెలు మా విశాఖ వాటాకి పడ్డాయి. మా ఆవిడకి పాకం పట్టడం రాదు. ఆ సంగతి అప్పుడు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ముక్కనుమనాడు అక్కయ్య తిమ్మరాజుపాలెం వెళ్ళి కోట సత్తెమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం భీమవరం వైపు బండి. స్టేషనుకి అందరం వెళ్ళాం. ప్లాట్‌ఫారం మీద మామూలే, అట్టపెట్టెలు, చంటిపిల్లలు, మూతి ముడుచుకున్న కోడళ్ళు, ఫోనులో తల దూర్చిన అల్లుళ్ళు. మా బండి రెండో వైపు ప్లాట్‌ఫారానికి వస్తుందన్నారు. పైవంతెన యెక్కి దిగాలి. బావగారు పెట్టె తీసుకున్నారు, నేను గారెల డబ్బా తీసుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే అన్నయ్య మడతపెట్టిన పడకకుర్చీ భుజాన వేసుకుని, వూడిన చేతిని చంకలో యిరికించుకుని, ఒక్కొక్క మెట్టే యెక్కి వస్తున్నాడు.

"గుడ్డ మంచిది వేయించవే, తడికి పాడవుతుంది" అంటున్నాడు అక్కయ్యతో.

"నాకు తెలుసులే, ముందు నువ్వు మెట్లు చూసుకో" అంటోంది అక్కయ్య.